ఎక్స్‌రేలో ఏమీ లేదంటే మణికట్టు బాగున్నట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాక రోడ్ల మీద బండ్లు జారడం మామూలే. జారిపడే మనిషి తనకు తెలియకుండానే అరచెయ్యి నేలకు ఆనిస్తాడు. ఒంటి బరువూ బండి వేగమూ కలిసి ఒక్క క్షణంలో మణికట్టు మీద పడతాయి. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తారు. "ఎముక విరగలేదమ్మా, బెణికిందంతే" అంటారు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, ఐదు రోజులకు నొప్పి మాత్రలు రాసి పంపిస్తారు. ఇంట్లో అందరూ అమ్మయ్య అనుకుంటారు. ఎక్కువ మందికి అది నిజంగానే అక్కడితో సరిపోతుంది. కొందరికి సరిపోదు. మూడు నెలలైనా తాళం తిప్పబోతే చిటికెనవేలి వైపు సూది గుచ్చినట్టుంటుంది. తడి బట్ట పిండలేరు. కుర్చీ మీద అరచేతులు ఆనించి లేవలేరు. మళ్ళీ ఎక్స్‌రే తీయిస్తే మళ్ళీ అదే మాట, ఏమీ లేదని.

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది. ఎముకలను కట్టి ఉంచే లిగమెంటు కనబడదు, ఎముకల నడుమ మెత్తలా ఉండే గుజ్జు కనబడదు. బెణుకు అన్నది రోగి చెప్పుకునే బాధ పేరు. అదే మాట చీటీ మీద రోగం పేరుగా దిగితే ఇక వెతకడం ఆగిపోతుంది. మోకాలి గుజ్జు గురించి మన పత్రికల ఆరోగ్య పేజీల్లో తరచూ వస్తుంది. మణికట్టులోనూ గుజ్జు ఉంటుందని, అదీ చిరుగుతుందని, కొన్ని గాయాలకు మొదటి ఆరు వారాలే అసలైన గడువని చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాం.

మణికట్టు ఒక్క కీలు కాదు. ముంజేతిలో బొటనవేలి వైపు రేడియస్, చిటికెనవేలి వైపు అల్నా అనే రెండు పొడవాటి ఎముకలుంటాయి. వాటి కొసన రెండు వరుసల్లో ఎనిమిది చిన్న ఎముకలు సర్ది ఉంటాయి. ముంజేతిని ఆనుకున్న వరుసలో స్కాఫాయిడ్, ల్యూనేట్, ట్రైక్వెట్రమ్ అనే మూడింటికి ఏ కండరమూ నేరుగా అతుక్కుని ఉండదు. వాటిని ఒకదానితో ఒకటి లిగమెంట్లే కట్టి ఉంచుతాయి. అటూ ఇటూ ఉన్న ఎముకలు కదిలినప్పుడు ఇవి మధ్యలో నలుగుతూ సర్దుకుంటాయి. కట్టు తెగితే ఒక్కో ఎముక ఒక్కో దారి పడుతుంది.

ఎక్కువగా దెబ్బతినేవి రెండు చోట్లు. మొదటిది చిటికెనవేలి వైపు. అల్నా ఎముక చిన్న ఎముకలకు నేరుగా ఆనదు. మధ్యలో ముక్కోణపు గుజ్జు పలక ఉంటుంది. దాని ముందూ వెనకా రేడియస్‌నూ అల్నానూ కలిపి పట్టే రెండు లిగమెంట్లు, పక్కన ఒక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తొడుగు. ఇవన్నీ కలిపి టీఎఫ్‌సీసీ (ట్రయాంగ్యులర్ ఫైబ్రోకార్టిలేజ్ కాంప్లెక్స్) అంటారు. అమెరికా వైద్యులు పామర్, వెర్నర్ 1981లో దీనికి ఆ పేరు పెట్టారు. ఇది చేసే పనులు రెండు. అరచేతి మీద పడ్డ బరువును అల్నాకు అందించడం ఒకటి. అరచెయ్యి తిరగేసినప్పుడు రెండు పొడవాటి ఎముకలు విడిపోకుండా పట్టుకోవడం మరొకటి. తాళం తిప్పితే, బట్ట పిండితే, సీసా మూత తీస్తే నొప్పి అక్కడే ఎందుకొస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ చోటును మీరే తడిమి చూసుకోవచ్చు. మోచెయ్యి మడిచి బల్ల మీద ఆనించండి, బొటనవేలు పైకి ఉండాలి. ముంజేతి చివర చిటికెనవేలి వైపు ఉబ్బుగా కనిపించేది అల్నా తల. దాని కొసన చిన్న మొన ఉంటుంది. అరచేతి మొదట్లో, చిటికెనవేలి కింద, బఠాణీ గింజలా గట్టిగా తగిలేది ఇంకో ఎముక. ముంజేతి నుంచి ఆ గింజ దాకా తాడులా ఒక టెండన్ వస్తుంది. మొనకూ ఆ తాడుకూ నడుమ వేలికొన పట్టేంత మెత్తటి గుంట దొరుకుతుంది. ముందు బాగున్న చేతిలో నొక్కండి, తర్వాత నొప్పి చేతిలో. "అదే, అదే నొప్పి" అనిపిస్తే గుజ్జు అంచు ఎముక నుంచి ఊడిందేమోనని, లేదా దాన్ని ఆనుకున్న లిగమెంటు చీలిందేమోనని అనుమానించాలి. 2007లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 272 మంది మణికట్లను, కీలులోకి కెమెరా పెట్టి చూసే ఆర్థ్రోస్కోపీతో సరిపోల్చి చూస్తే, ఈ రెండు రకాల గాయాలున్నవాళ్ళలో 95 శాతం మందికి ఈ గుంటలో నొప్పి తగిలింది. గాయం లేనివాళ్ళలోనూ కొందరికి తగులుతుంది కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చేయకూడదు. ఖర్చు లేని పరీక్ష, అర నిమిషం కూడా పట్టదు. క్యాజువాలిటీలో ఎవరైనా చేయొచ్చు.

ఇంకొకటుంది. అరచెయ్యి కిందికి పెట్టి బల్ల మీద ఉంచితే, అల్నా తల రెండో చేతిలో కన్నా ఎత్తుగా తేలి, వేలితో నొక్కితే హార్మోనియం మెట్టులా దిగి మళ్ళీ లేస్తోందా చూడాలి. అలా ఆడుతుంటే రెండు పొడవాటి ఎముకల మధ్య పట్టు సడలిందన్నమాట. పుట్టుకతోనే కీళ్ళు వదులుగా ఉన్నవాళ్ళకు రెండు చేతులూ ఇలాగే ఆడతాయి. అందుకే ఏ పరీక్షయినా రెండు చేతులకూ చేయాలి.

ఈ గుజ్జు మానడం, మానకపోవడం రక్తం మీద ఆధారపడి ఉంటుంది. బయటి అంచున 10 నుంచి 40 శాతం మేరకే రక్తనాళాలు వస్తాయి. నడిమి భాగానికి రక్తమే అందదు. అంచు చిరిగితే కట్టుతోనో కుట్టుతోనో అతుక్కునే అవకాశం ఉంది. నడుమ చిల్లు పడితే అది పూడదు. కానీ నడుమ చిల్లు పడ్డ ప్రతివాళ్ళకూ నొప్పి ఉండదు. వయసుతో గుజ్జు పలచబడడం సహజం. యాభై దాటినవాళ్ళకు ఎంఆర్‌ఐ తీస్తే ఏ బాధా లేని చేతిలో కూడా చిరుగు కనిపించడం మామూలే. రిపోర్టులో "టీఎఫ్‌సీసీ టేర్" అని చూడగానే ఆపరేషన్ తప్పదేమోనని కంగారు పడేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రిపోర్టు ఒకవైపు, వేలితో నొక్కితే నొప్పి తగిలే చోటు మరోవైపు ఉంటే చేతిని నమ్మాలి, కాగితాన్ని కాదు.

రెండో చోటు మణికట్టు నడిమధ్య, వెనక వైపు. పడవ ఆకారంలోని స్కాఫాయిడ్‌నూ నెలవంక ఆకారంలోని ల్యూనేట్‌నూ కలిపి కట్టే చిన్న లిగమెంటు అది. దాన్ని స్కాఫోల్యూనేట్ లిగమెంటు అంటారు. దానికి మూడు భాగాలుంటాయి, వెనక భాగం అన్నిటికన్నా గట్టిది. మా లెక్కలో మణికట్టు గాయాలన్నిటిలో ఆలస్యానికి ఎక్కువ మూల్యం కట్టించేది ఇదే. టీఎఫ్‌సీసీ చిరుగు బాధపెడుతుంది, పనికి అడ్డొస్తుంది. ఇది తెగి అలాగే వదిలేస్తే ఏళ్ళు గడిచేకొద్దీ స్కాఫాయిడ్ ముందుకు వాలిపోతుంది, ల్యూనేట్ వెనక్కి తిరుగుతుంది, ఎముకలు వంకరగా రాసుకుని గుజ్జు అరిగిపోతుంది. అరుగుదల బొటనవేలి వైపు రేడియస్ కొసన మొదలై లోపలికి పాకుతుంది. 1984లో వాట్సన్, బాలెట్ అనే వైద్యులు ఈ వరుసను వివరంగా రాశారు. ఆ దశకు వస్తే ఇక లిగమెంటు కుట్టే మాటే ఉండదు. ఒక వరుస ఎముకలు తీసేయడమో, స్కాఫాయిడ్ తీసి నాలుగు ఎముకలను ఒకటిగా అతికించడమో మిగులుతుంది. రెండింట్లోనూ నొప్పి తగ్గుతుంది గానీ, కదలిక సుమారు సగమే మిగులుతుంది.

ఈ గాయం గుర్తులు తేలిగ్గా దాటిపోతాయి. వాపు కొద్దిగానే ఉంటుంది. నొప్పి మణికట్టు వెనక, నడుమ కాస్త బొటనవేలి వైపు, రూపాయి బిళ్ళంత చోట ఉంటుంది. అరచెయ్యి నేలకు ఆనించి లేచేటప్పుడు, దండాలు తీసేటప్పుడు పొడుస్తుంది. కొందరికి లోపల టక్‌మని చప్పుడవుతుంది. ఊరికే తీసిన ఎక్స్‌రేలో ఎముకలు సరిగ్గానే కనిపించవచ్చు. పిడికిలి గట్టిగా బిగించి తీస్తే అరచేతి వైపు ఎముక మేకులా దిగి రెండింటి మధ్య సందు విప్పుతుంది. ఆ సందు 3 మిల్లీమీటర్లు దాటితే, రెండో చేతిలో లేకపోతే, లిగమెంటు తెగిందని గట్టిగా అనుమానించాలి. ముందు పళ్ళ నడుమ సందు ఉండే బ్రిటిష్ హాస్యనటుడు టెర్రీ థామస్ పేరుతోనే వైద్యులు ఈ గుర్తును పిలుస్తారు.

కాబట్టి ఎక్స్‌రే తీయించేటప్పుడు ఏం అడగాలో చెబుతాం. భుజం పక్కకు లేపి, మోచెయ్యి తొంభై డిగ్రీలు మడిచి, అరచెయ్యి పలక మీద ఆనించి ఒకటి. అల్నా రేడియస్ కన్నా పొడుగో పొట్టో సరిగ్గా తెలిసేది ఈ భంగిమలోనే. చెయ్యి తిప్పి తీస్తే ఆ కొలత మారిపోతుంది. రెండోది కచ్చితంగా పక్క నుంచి. మూడోది పిడికిలి బిగించి. పిడికిలి ఎక్స్‌రే రెండు చేతులకూ తీయాలి, పోల్చుకోకపోతే దానివల్ల ఉపయోగం లేదు.

పక్క నుంచి తీసే ఎక్స్‌రేను చిన్నచూపు చూడొద్దు. తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికులు, మేడ పని చేస్తూ పడ్డ తాపీ మేస్త్రీలు, వేగంగా బండి మీంచి ఎగిరిపడ్డ కుర్రాళ్ళలో ల్యూనేట్ చుట్టూ ఉన్న కట్లన్నీ తెగి ఎముకలు తప్పుకుంటాయి. ఎదుటి నుంచి తీసిన చిత్రంలో ఇది కంటపడదు. పక్క నుంచి చూస్తే ల్యూనేట్ ఒలికిన టీ కప్పులా ముందుకు వాలి ఉంటుంది, లేదా దాని గుంటలో కూర్చోవాల్సిన ఎముక వెనక్కి జరిగి ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారితే నరం నలుగుతున్నట్టే. అది అదే రోజు సరిచేయాల్సిన గాయం. ఫ్రాన్స్ వైద్యుడు హెర్జ్‌బర్గ్ బృందం 1993లో ప్రచురించిన పరిశీలనలో ఇలాంటి గాయాల్లో నాలుగింట ఒకటి మొదట్లో గుర్తించకుండా పోయింది.

స్కాఫాయిడ్ విరగడం గురించి కూడా రెండు మాటలు. బొటనవేలు బాగా వెనక్కి చాపితే దాని మొదట్లో రెండు తాళ్ళ నడుమ గుంట పడుతుంది. పడ్డ తర్వాత అక్కడ నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా సరే బొటనవేలితో కలిపి కట్టు వేసి 10–14 రోజులకు మళ్ళీ తీయాలి. ఈ ఎముకకు రక్తం వేళ్ళ వైపు నుంచి వెనక్కి వస్తుంది. మధ్యలో విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అది ఎండిపోయే ప్రమాదం ఉంది.

ఇక మొదటి రోజు ఇంట్లో చేయాల్సినవి. పడ్డ వెంటనే ఉంగరాలు, గాజులు తీసేయాలి. వాపు వచ్చాక రావు, కోయాల్సి వస్తుంది. మంచు ముక్కలు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టి తీయాలి, రెండు మూడు గంటలకోసారి. చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. వేళ్ళు మాత్రం కదుపుతూ ఉండాలి. చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వేస్తే పెద్ద హాని లేదు, చర్మం కాలకుండా చూసుకుంటే చాలు. హాని చేసేది మర్దన. "నరం తప్పింది, సరిచేస్తాను" అని చెయ్యి పట్టి గుంజి తిప్పితే, సగం తెగిన లిగమెంటు పూర్తిగా తెగుతుంది. నాటు కట్టు కట్టేవారి చేతిలో అనుభవం ఉండొచ్చు. కానీ లోపల ఏం తెగిందో తెలియకుండా లాగడం ఎవరు చేసినా తప్పే. ముందు ఎక్స్‌రే తీయించండి.

రెండు వారాలు దాటినా బరువు పెడితే, చెయ్యి తిప్పితే నొప్పి తగ్గకపోతే చేతి గాయాలు చూసే ఎముకల డాక్టరు దగ్గరికో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికో వెళ్ళాలి. మన దగ్గర చేతి శస్త్రచికిత్స ఈ రెండు విభాగాల వాళ్ళూ చేస్తారు. ఎంఆర్‌ఐ అవసరమా అన్నది వాళ్ళు తేలుస్తారు. తీయాల్సి వస్తే 3 టెస్లా (అయస్కాంత బలం) యంత్రం, మణికట్టు చుట్టూ అమర్చే ప్రత్యేక కాయిల్ ఉన్నచోట తీయించుకోవడం మంచిది. పాత యంత్రంలో, చెయ్యి పక్కన పడేసి తీసిన ఎంఆర్‌ఐలో రెండు మిల్లీమీటర్ల మందం గుజ్జు ఏం కనిపిస్తుంది? కీలులో రంగు మందు ఎక్కించి తీసే పద్ధతిలో చిరుగు ఇంకా బాగా తెలుస్తుంది. అన్నిటికన్నా నమ్మదగింది ఆర్థ్రోస్కోపీ. రెండు మూడు చిన్న రంధ్రాల్లోంచి 1.9 లేదా 2.7 మిల్లీమీటర్ల కెమెరా పెట్టి నేరుగా చూస్తారు. కానీ అది ఆపరేషనే. కట్టుతో తగ్గే అవకాశం ఉన్నవాళ్ళకు ముందే చేయరు.

చిటికెనవేలి వైపు నొప్పంతా టీఎఫ్‌సీసీ కాదని కూడా చెప్పాలి. అల్నా పక్కనే వెళ్ళే టెండన్ వాచినా, దాని గాడిలోంచి జారినా నొప్పి అక్కడే. క్రికెట్ బ్యాటు పిడి గుద్దుకుని అరచేతిలో కొక్కెంలాంటి చిన్న ఎముక విరిగినా నొప్పి ఆ వైపే, మామూలు ఎక్స్‌రేలో అది కనబడదు కూడా. బొటనవేలి వైపు నొప్పి, ముఖ్యంగా పసిబిడ్డలను ఎత్తుకునే తల్లుల్లో, ఎక్కువగా అక్కడి టెండన్ తొడుగు వాపు. రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కితే నరం ఒత్తిడి. దెబ్బ తగలకుండా మణికట్టు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వస్తే చీము పడుతోందేమో, అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

కట్టు విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. క్రేప్ బ్యాండేజీ వాపును అదుముతుంది, అంతే. అది కీలును ఆపదు. మందుల షాపులో దొరికే మోచేతి కింది పట్టీ మణికట్టు వంగకుండా ఆపుతుంది గానీ ముంజెయ్యి తిరగకుండా ఆపలేదు. టీఎఫ్‌సీసీ లాగబడేది ఆ తిరగడంలోనే. గుజ్జు అంచు చిరిగి, రెండు ఎముకల పట్టు గట్టిగానే ఉంటే మణికట్టు పట్టీ 4–6 వారాలు రాత్రీపగలూ సరిపోవచ్చు. పట్టు సడలితే మోచేతి పైదాకా, చెయ్యి తిరగకుండా, ఎముకలు సరిగ్గా కూర్చునే భంగిమలో కట్టు వేయాలి. చాలామంది మూడో వారంలో నొప్పి తగ్గిందని తీసి పక్కన పెడతారు. నొప్పి తగ్గడం వేరు, అతుకు గట్టిపడడం వేరు. స్నానానికి తీస్తే రెండో చేత్తో ఆసరా ఇచ్చి, చెయ్యి తిప్పకుండా కడుక్కుని మళ్ళీ పెట్టుకోవాలి. కట్టులో ఉన్నన్నాళ్ళూ గంటకోసారి వేళ్ళు పూర్తిగా ముడిచి చాపడం పది సార్లు, రోజుకు మూడు సార్లు భుజం ఎత్తడం మానకూడదు. కట్టు తీసేసరికి భుజం బిగుసుకుపోయి కూర్చునేవాళ్ళు తక్కువేమీ కాదు.

కట్టు తీశాక మొదటి రెండు వారాలు గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి ముంచి, నొప్పి లేని మేరకే వంచడం, మోచెయ్యి నడుముకు ఆనించి అరచెయ్యి పైకీ కిందికీ మెల్లగా తిప్పడం. పదేసి సార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు. తర్వాత అప్పడాల కర్ర తీసుకోండి. మధ్యలో పట్టుకుంటే రెండు వైపులా బరువు సమంగా ఉంటుంది, తిప్పడం తేలిక. రోజులు గడిచేకొద్దీ పట్టు కొస వైపు జరుపుతూ పోతే బరువు పెరుగుతుంది. ఒక్కో వైపు తిప్పి ఐదు సెకన్లు ఆపాలి. రెండు ఎముకలను దగ్గరికి లాగే లోతు కండరం ఈ తిప్పడంలోనే గట్టిపడుతుంది. ముందు ఆపి ఉంచడం, ఆ తర్వాతే ఊపులు.

ఎంత మెరుగైందో కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. దాన్ని బల్ల మీద పెట్టి, మోచెయ్యి చాచి, బాగున్న అరచేత్తో మెల్లగా నొక్కి అంకె చూడండి. తర్వాత నొప్పి చేత్తో నొక్కుతూ, నొప్పి మొదలయ్యే చోటే ఆపి అంకె రాసుకోండి. వారానికోసారి చాలు. మొదట 5 కిలోల దగ్గరే నొప్పి వస్తే నిరాశ పడొద్దు. అంకె వారం వారం పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. నాలుగు వారాలు అక్కడే నిలిచిపోతే మళ్ళీ డాక్టరుకు చూపించుకోవాలి. కసరత్తు చేసిన మర్నాడు పొద్దున కూడా నొప్పి మిగిలి ఉంటే నిన్న ఎక్కువ చేసినట్టు, ఒక మెట్టు దిగాలి.

స్కాఫోల్యూనేట్ గాయానికి కసరత్తు వేరు. ఇక్కడ రబ్బరు బంతి గురించి గట్టిగా చెప్పాలి. చేతి నొప్పి అనగానే బంతి పిసకమని సలహా ఇవ్వడం అలవాటైపోయింది. పిడికిలి బిగిస్తే ఆ రెండు ఎముకల నడుమ సందు తెరుచుకుంటుందని పైన చెప్పాం. మానుతున్న లిగమెంటును రోజుకు వందసార్లు లాగుతున్నట్టే అది. మొదటి నెలల్లో బంతి వద్దు. మామిడికాయ మీద రాయి విసిరేటప్పుడు మణికట్టు బొటనవేలి వైపు వెనక్కి వెళ్ళి, చిటికెనవేలి వైపు ముందుకొస్తుంది చూడండి, ఆ ఏటవాలు కదలికలో స్కాఫాయిడ్, ల్యూనేట్ మధ్య జరుగుడు తక్కువ. కదలిక మొదలుపెట్టేది ఆ దారిలోనే, రాయి లేకుండా, మెల్లగా.

స్టెరాయిడ్ ఇంజెక్షను అరుగుదల నొప్పికి కొన్నాళ్ళు ఉపశమనం ఇస్తుంది. తాజాగా చిరిగిన అంచును అది అతికించదు, పదే పదే పొడిపించుకుంటే కణజాలం బలహీనపడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు కొద్ది రోజులు చక్కెర పెరుగుతుంది, ముందే డాక్టరుకు చెప్పాలి. కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కుని వాడకూడదు.

ఆపరేషన్ అవసరమైతే ఏం చేస్తారన్నది చిరుగు ఎక్కడుందో దాన్నిబట్టి ఉంటుంది. నడుమ చిల్లయితే వేలాడే ముక్కలు నున్నగా గీకేస్తారు, చుట్టూ అంచు వదిలేస్తారు. అంచు తీస్తే ఎముకల పట్టే పోతుంది. అంచు ఊడితే కుడతారు. ఎముక గుంటలోంచి వేరుతో సహా ఊడితే ఎముకకు చిన్న రంధ్రం చేసి, లేదా యాంకర్ (దారం కట్టిన చిన్న మేకు) దించి కట్టాలి. పై పొరను మాత్రమే కుట్టి వేరును వదిలేస్తే పట్టు సడలింపు అలాగే మిగిలిపోతుంది. కుట్టాక 4–6 వారాలు మోచేతి పైదాకా కట్టు, మూడు నెలలదాకా బరువు ఎత్తకూడదు, ఆటలు నాలుగు నుంచి ఆరు నెలలకు. కుట్టే చోటికి దగ్గరగా ఒక చిన్న నరం వెళ్తుంది. అది నలిగితే చేతి వెనక చిటికెనవేలి వైపు తిమ్మిరి వస్తుంది, చాలాసార్లు తగ్గుతుంది గానీ ముందే తెలిసి ఉండాలి. స్కాఫోల్యూనేట్ లిగమెంటు అయితే 4–6 వారాల లోపు కుడితేనే కొసలు బాగా అతుకుతాయి. ఎముకలను కదలకుండా సన్నటి తీగలతో సుమారు ఎనిమిది వారాలు పట్టి ఉంచుతారు, తీగ చర్మంలోంచి బయటికొచ్చే చోట చీము పట్టకుండా చూసుకోవాలి. ఆలస్యమైతే కొసలు ముడుచుకుపోతాయి, అప్పుడు పక్క టెండన్‌లోంచి ఒక పాయ తీసి కొత్తగా కట్టాలి. అది పెద్ద పని, ఫలితం కూడా మొదటి దానంత బాగుండదు.

అల్నా పొడుగు సంగతి మన పెద్దవాళ్ళకు సంబంధించింది. బాత్రూంలో జారి పడ్డ అరవై దాటిన ఆడవాళ్ళలో రేడియస్ చివర విరగడం చాలా ఎక్కువ. ఎముకను సరిగ్గా లాగి కూర్చోబెట్టకుండా కట్టు కడితే అది కుంగి అతుక్కుంటుంది, రేడియస్ పొట్టిదవుతుంది, పక్కన అల్నా పొడుగ్గా మిగులుతుంది. మామూలుగా అరచేతి బరువులో 80 శాతం రేడియస్ మీద, 20 శాతం అల్నా మీద పడుతుంది. అల్నా 2.5 మిల్లీమీటర్లు పొడుగైతే దాని వాటా 42 శాతం దాకా పెరుగుతుందని పామర్, వెర్నర్ 1984లో కొలిచారు. రెండున్నర మిల్లీమీటర్లకే ఇంత తేడా. నడుమ గుజ్జు రోట్లో పడ్డట్టు నలుగుతుంది. దీనికి గుజ్జు ఒక్కటే గీకితే సరిపోదు, అల్నాను అంత మేర కోసి పొట్టి చేసి ప్లేటు వేయాలి. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళలో ఆ కోసిన ఎముక అతకడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అతకదు. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పొగ మానితీరాలి.

పనులు మానుకోలేని వాళ్ళకు చిన్న మార్పులు. తడి బట్టను పిండకుండా కుళాయికి చుట్టి రెండు కొసలూ లాగండి. బిందె చంకన కాకుండా ఎత్తాల్సి వస్తే రెండు అరచేతులూ పైకి పెట్టి ఎత్తండి. దండాలు అరచేతుల మీద కాకుండా పిడికిళ్ళ మీద తీస్తే మణికట్టు తిన్నగా ఉంటుంది. బండి యాక్సిలరేటర్ తిప్పేటప్పుడు మోచెయ్యి కూడా కదలాలి, మణికట్టు ఒక్కటే తిరగకూడదు.

చివరగా క్యాజువాలిటీల్లో పనిచేసే డాక్టర్లకు మా విన్నపం. పనిభారం మాకు తెలుసు. చీటీ మీద "బెణుకు" అని రాశాక కింద ఇంకో వాక్యం రాయండి: "పద్నాలుగు రోజులకు నొప్పి ఉంటే మళ్ళీ రావాలి, రెండు చేతుల పిడికిలి ఎక్స్‌రే తీయాలి." తెలుగులోనే రాయండి, ఇంట్లో ఎవరో ఒకరు చదువుతారు. మీ పత్రికను కోరేది ఒక్కటే. ఈ వానాకాలం పోకముందే ఆరోగ్య పేజీలో మణికట్టు బొమ్మ వేసి, ఆ రెండు గుంటలూ ఎక్కడుంటాయో బాణం గుర్తు పెట్టి చూపించండి.

— చేతి గాయాలకు చికిత్స చేసే ఫిజియోథెరపిస్టులు,
విజయవాడ